శంషాబాద్ నుంచి ఊళ్లోకి: తెల్లవారుజామున దిగే అమ్మానాన్నలకు ఏ బండి కుదర్చాలి?

వనస్థలి_అబ్బాయి · శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఎంతకీ తెగని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

అమ్మానాన్నలు డాలస్‌లో అక్క దగ్గర ఉండి వచ్చే గురువారం తిరిగి వస్తున్నారు. దోహాలో విమానం మారి, తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో శంషాబాద్‌లో దిగుతారు. నేను పుణెలో ఉంటాను, ఆ రోజుకు సెలవు దొరకలేదు. ఇల్లు వనస్థలిపురంలో. నాన్నకు డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించవు, వీల్‌చైర్ కావాలని ముందే చెప్పి ఉంచాం. మనిషికి రెండేసి చొప్పున 23 కిలోల పెట్టెలు నాలుగు, వాటికి తోడు చేతి సంచులు.

అక్క అక్కడి నుంచే యాప్‌లో క్యాబ్ పెడతానంటోంది. పక్కింటివాళ్ల అబ్బాయి కారు తెస్తాడని అమ్మ అంటోంది. అర్ధరాత్రి ఒకరిని నిద్ర లేపి పిలవడానికి నాకు మొహమాటం. నాన్న మాత్రం ‘ఎల్బీనగర్ దాకా పుష్పక్ బస్సు ఉంది, అక్కడి నుంచి ఆటోలో ఇంటికి పోతాం, దీనికింత హడావిడి ఎందుకు’ అంటున్నారు. ఉద్యోగం చేసినంత కాలం ఆర్టీసీ బస్సు తప్ప ఎరగని మనిషి. ఆయన మాట తీసిపారేయడం నాకు ఇష్టం లేదు, అలాగని అంత సామానుతో బస్సెక్కించడానికి మనసు ఒప్పడం లేదు.

ఇంకొక సంగతి. ఆ తర్వాతి వారం మా చిన్నాన్న కూతురు ఢిల్లీ నుంచి వస్తోంది. ఒక్కటే బ్యాగు. సాయంత్రం ఏడింటికి దిగి కొండాపూర్‌లో హాస్టల్‌కు వెళ్లాలి. తనకు ఏది మేలు?

తార్నాక_ప్రయాణికుడు · శుక్రవారం, రాత్రి 9:52

బండి సంగతి తర్వాత. ఊళ్లో ఏ వైపుకు పోవాలో ముందు చూసుకోవాలి. విమానాశ్రయం బేగంపేటలో ఉన్న రోజుల్లో ఈ ఆలోచనే ఉండేది కాదు. ఊరి నడిబొడ్డున దిగేవాళ్లం, గేటు దాటితే ఆటో. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక దిగినచోటి నుంచి ఇంటికి చేరడమే వేరే ప్రయాణమైంది.

అక్కడి నుంచి నగరంలోకి దారులు మూడు పాయలుగా చీలతాయి. పడమటి పాయ ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి, కొండాపూర్, కూకట్‌పల్లి, మియాపూర్ వైపు పోతుంది. నడిమి పాయ ఆరాంఘర్ దగ్గర పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహదీపట్నంలో దిగి, పంజాగుట్ట, బేగంపేట మీదుగా సికింద్రాబాద్ చేరుతుంది. తూర్పు పాయ చాంద్రాయణగుట్ట, ఎల్బీనగర్, ఉప్పల్ వైపు. మీది తూర్పు, మీ చెల్లెలిది పడమర. ఒకరికి కుదిరింది ఇంకొకరికి కుదరకపోవడానికి సగం కారణం ఇదే.

పుష్పక్ బస్సులు ఈ మూడు వైపులకూ ఉన్నాయి. ఏసీ బస్సులు. 2019 నుంచి వీటిలో విద్యుత్ బస్సులు వచ్చాయి. ఇంజిన్ మోత ఉండదు, సామాను పెట్టుకునే చోటు ఉంటుంది, టెర్మినల్ బయటే ఎక్కవచ్చు. రాత్రిపూట కూడా తిరుగుతాయి, కాకపోతే బస్సుకూ బస్సుకూ మధ్య ఎడం పెరుగుతుంది. అన్నిటికీ మించి పుష్పక్ మిమ్మల్ని ‘ఎక్కడికి’ అని అడిగి, నచ్చకపోతే వదిలేసి పోదు. ఈ నగరంలో విమానం దిగినవాడికి ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు లేదని నేను గట్టిగా చెబుతాను.

అందుకని మీ నాన్నగారి ఆలోచనలో తప్పు లేదు. ఈ ఒక్కసారికి సామానే అడ్డం.

రాత్రిబండి · శుక్రవారం, రాత్రి 11:35

నేను విమానాశ్రయం లైనులో రాత్రిళ్లు క్యాబ్ నడుపుతాను. పైన చెప్పినట్టు అసలు చిక్కు పెట్టెల దగ్గరే ఉంది. బండి బుక్ చేసేవాళ్లు దాన్ని గురించి అడగనే అడగరు.

యాప్‌లో మామూలు కారు పెడితే ఎక్కువగా వచ్చేది డిజైర్, ఎటియోస్ లాంటివి. మాలో చాలామందివి సీఎన్‌జీ బండ్లు. డిక్కీ తెరిస్తే వెనక సీటును ఆనుకుని అడ్డంగా సిలిండర్ కనిపిస్తుంది. దాని ముందు మిగిలిన జాగాలో అమెరికా పెట్టె ఒకటి సుఖంగా పడుతుంది. రెండోది పట్టాలంటే చేతి సంచులు తీసి లోపల ఒళ్లో పెట్టుకోవాలి. మూడోది డ్రైవరు పక్క సీట్లోకి వెళుతుంది. నాలుగోదానికి చోటు లేదు. అప్పుడు అంత రాత్రివేళ రెండో బండి పిలవాలి, లేదంటే డిక్కీ తలుపు పైకి ఉంచి తాడుతో కట్టి పోవాలి. కొందరు అలా తీసుకుపోతారు కూడా. మీరు మాత్రం ఒప్పుకోవద్దు. వేగంగా పోయే రోడ్డు మీద పెట్టె జారిపడితే వెనక వచ్చే బండికి ప్రాణాపాయం.

ఎర్టిగా లాంటి బండి చెప్పండి. చివరి వరస సీట్లు మడిస్తే నాలుగు పెట్టెలూ పడతాయి, పెద్దవాళ్లిద్దరూ నడిమి వరసలో కాళ్లు చాపుకుని కూర్చుంటారు. సీటు ఎత్తు కూడా మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నప్పుతుంది. డిజైర్‌లో కిందికి దిగబడి కూర్చుని, లేచేటప్పుడు మోకాలి మీద బరువు పెట్టి లేవాలి. రోజూ చూస్తుంటాను, పెద్దవాళ్లు తలుపు పట్టుకుని లేవడానికి ఎంత అవస్థపడతారో.

అత్తాపూర్_పిల్లర్ · శనివారం, ఉదయం 6:48

మీకు పనికి రాకపోయినా ఈ చర్చ చదివే వేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అంటే పిల్లర్ల మీద పోయే ఫ్లైఓవర్. 2009లో తెరిచారు, పొడవు 11.6 కిలోమీటర్లు. పైన సిగ్నళ్లు లేవు. కానీ దాని కింద అత్తాపూర్, ఉప్పర్‌పల్లి, హైదర్‌గూడ చుట్టుపక్కల ఉండేవాళ్లు పైకి ఎక్కాక ఎక్కడ దిగాలో డ్రైవరుకు ముందే చెప్పకపోతే నేరుగా మెహదీపట్నంలో తేలతారు. అక్కడి నుంచి మళ్లీ కింది రోడ్డు పట్టుకుని వెనక్కి రావాలి.

మా వైపు చిరునామా అంటే పిల్లర్ నంబరే. పెళ్లి పత్రికల మీద, దుకాణాల బోర్డుల మీద, ఆసుపత్రి చీటీల మీద ‘ఫలానా పిల్లర్ ఎదురుగా’ అనే ఉంటుంది. డ్రైవరుకు ఆ నంబరు ఒక్కటి చెబితే చాలు, మ్యాపు అవసరం లేదు. పైన పోయేటప్పుడు ఆ నంబర్లు కనిపించవు, కింది రోడ్డులో పోతేనే కనిపిస్తాయి. కాబట్టి పిల్లర్ చిరునామా ఇచ్చేవాళ్లు ఆరాంఘర్ దగ్గరే ‘కింది నుంచి పోనివ్వండి’ అని చెప్పాలి.

హనుమకొండ_విద్యార్థిని · శనివారం, ఉదయం 8:20

మీ చెల్లెలి విషయం నేను చెబుతాను. సాయంత్రం ఏడు గంటలకు, ఒక్క బ్యాగుతో, కొండాపూర్‌కు అంటే నా ఓటు పుష్పక్‌కే. గచ్చిబౌలి, మియాపూర్ వైపు పోయే బస్సు ఔటర్ మీద నుంచి వస్తుంది. కొత్తగూడ మీదుగా పోతుందో లేదో ఎక్కేముందు అడిగితే సరిపోతుంది. అక్కడ దిగి, హాస్టల్ దగ్గరైతే ఆటో చాలు.

ఆ వేళకు ఔటర్ ఖాళీగా ఉన్నా గచ్చిబౌలిలో దిగాక ఆఫీసులు వదిలే రద్దీ ఉంటుంది. 2025లో ఔటర్ నుంచి కొండాపూర్ వైపు పీజేఆర్ ఫ్లైఓవర్ తెరిచాక కొంత తేలిక అయింది. కానీ అది దాటాక ఆగే బండ్లు ఆగుతూనే ఉంటాయి. క్యాబులో కూర్చున్నా ఆ రద్దీ తప్పదు. అందుకే ఆ వేళలో క్యాబుకు అంత డబ్బు పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

బస్సు ఎక్కడుందో ఆర్టీసీవాళ్ల ‘గమ్యం’ యాప్‌లో చూసుకోవచ్చు. అది 2023లో వచ్చింది. ఇంకొక మాట. మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే. పుష్పక్‌లో టికెట్ కొనాలి. నాతో ప్రయాణించిన ఒకావిడ ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని ఎక్కి, టికెట్ అడిగేసరికి నొచ్చుకున్నారు. ఆ బోర్డేదో బస్సు తలుపు దగ్గరే పెద్ద అక్షరాలతో పెడితే బాగుంటుంది.

విమానం ఆలస్యమై పది దాటాక దిగితే మాత్రం క్యాబే మంచిది. ఎక్కేముందు నంబరు ప్లేటు యాప్‌లో చూపిన దానితో సరిపోల్చుకోవాలి, ప్రయాణం వివరాలు ఇంట్లోవాళ్లకు పంపాలి, వెనక సీట్లో కూర్చోవాలి, అవసరమైతే 112. ‘యాప్ లేకుండా వస్తాను, తక్కువకే తీసుకుపోతాను’ అని బయట పిలిచేవాళ్లతో వెళ్లనే వెళ్లవద్దని చెప్పండి. ఆ ప్రయాణానికి ఎక్కడా లెక్క ఉండదు.

వనస్థలి_అబ్బాయి · శనివారం, ఉదయం 10:05

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. చెల్లి విషయం తేలిపోయింది, పుష్పక్.

అమ్మానాన్నలకు పెద్ద బండే అని నాకూ అర్థమైంది. ఇప్పుడు దారి సంగతి. వనస్థలిపురానికి తెల్లవారుజామున ఏ దారి మంచిది? యాప్‌లో చూస్తే ఒకసారి బాలాపూర్ మీదుగా చూపిస్తోంది, ఇంకోసారి ఔటర్ మీదుగా చూపిస్తోంది.

బాలాపూర్_చౌరస్తా · శనివారం, ఉదయం 11:30

మా ఊరి మీదుగా వద్దండీ. మామిడిపల్లి, పహాడీషరీఫ్ దాటి బాలాపూర్ మీదుగా మీర్‌పేట, బీఎన్ రెడ్డి నగర్ రావడం దూరంలో తక్కువే. పగలు మేమంతా దాన్నే వాడతాం. తెల్లవారుజామున మూడింటికి అది పెద్దవాళ్లను తీసుకుపోయే దారి కాదు. అక్కడక్కడా వీధి దీపాలు ఉండవు, గతుకులు కనిపించవు, కుక్కలు గుంపులుగా రోడ్డుకు అడ్డం పడతాయి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు ప్రతి గతుకూ తెలుస్తుంది.

ఇక మిగిలినవి రెండు. ఔటర్ ఎక్కి తుక్కుగూడ దాటి బొంగ్లూరు దగ్గర దిగి, సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్ మీదుగా బీఎన్ రెడ్డి నగర్‌కు రావడం ఒకటి. యాప్‌లు కొన్నిసార్లు పెద్ద అంబర్‌పేట దాకా తీసుకెళ్లి విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ నుంచి వెనక్కి తెస్తాయి. అది చుట్టు, ఒప్పుకోకండి. రెండోది ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట, ఒవైసీ చౌరస్తా, ఎల్బీనగర్. పగటిపూట ఈ రోడ్డు పేరు చెబితేనే భయం. అయితే చాంద్రాయణగుట్టలో, ఒవైసీ దగ్గర, ఎల్బీనగర్‌లో ఫ్లైఓవర్లు వచ్చాక తెల్లవారుజామున ఎక్కడా ఆగకుండా వచ్చేయవచ్చు. దారి పొడవునా దీపాలు ఉంటాయి, ఏదైనా అయితే పక్కన మనుషులు ఉంటారు. నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

పాతబస్తీ, ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ వైపు పోయేవాళ్లకూ ఒక మాట. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు. దానికి మన్మోహన్ సింగ్ గారి పేరు పెట్టారు. అంతకు ముందు ఆ ముక్క దాటడానికే విసుగు వచ్చేది.

రాత్రిబండి · శనివారం, మధ్యాహ్నం 2:15

చౌరస్తా అన్న చెప్పిన ఎల్బీనగర్ దారికే నా ఓటు కూడా.

ఔటర్ మంచి రోడ్డే. ఊరి చుట్టూ 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. 2023 నుంచి డివైడర్ పక్కన ఉండే రెండు వరసల్లో గంటకు 120 కిలోమీటర్ల దాకా పోనిస్తున్నారు. మిగతా వరసల్లో 80. అంత వేగంలో తెల్లవారుజామున భయపెట్టేవి రెండు. ఒకటి, ఎడమ అంచున వెనక లైటు లేకుండా ఆపి ఉంచే లారీలు. రెండోది నిద్ర. మూడింటికీ ఐదింటికీ మధ్య ఎంత అనుభవం ఉన్న డ్రైవరుకైనా రెప్ప వాలే వేళ. రోడ్డు నున్నగా, తిన్నగా ఉంటే నిద్ర ఇంకా తొందరగా వస్తుంది. ఊళ్లోంచి పోయే దారిలో మలుపులు, ఫ్లైఓవర్లు, ఎదురు లైట్లు ఉంటాయి కాబట్టి కన్ను తెరిచే ఉంటుంది.

మీ అమ్మగారికి చెప్పండి, బయల్దేరేముందు డ్రైవరును ‘ఎప్పుడు డ్యూటీ ఎక్కావు నాయనా, ఏమైనా తిన్నావా’ అని అడగమనండి. మర్యాదకు అడిగినట్టు ఉంటుంది, అతని ముఖం చూస్తే సంగతి తెలిసిపోతుంది. కళ్లు ఎర్రగా ఉండి, మాట ముద్దగా వస్తుంటే టీ తాగి బయల్దేరదామని అనమనండి. మేము ఏమీ అనుకోము. నిజానికి ఆ పదినిమిషాలు మాకూ కావాలి. వెనక సీట్లోవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి.

మామీద చాలామందికి ఉన్న కోపం గురించి కూడా చెప్పాలి. ఫోను చేసి ‘ఎక్కడికి’ అని అడుగుతారు, నచ్చకపోతే రద్దు చేస్తారు అంటారు. మేము టెర్మినల్ దగ్గర నిలబడి ఉండం. దూరంగా పార్కింగ్‌లో వరసలో ఉంటాం. ఒక్కోసారి వంతు రావడానికి గంటలు పడుతుంది. అంతసేపు ఆగాక శంషాబాద్ ఊళ్లోకే సవారీ వస్తే వంతు పోతుంది, డీజిల్ ఖర్చు కూడా రాదు. గచ్చిబౌలి వైపు పోతే తిరుగు సవారీ దొరుకుతుంది, అక్కడి నుంచి రాత్రంతా విమానాలకు వెళ్లేవాళ్లు ఉంటారు. మీ వైపు ఆ వేళలో ఖాళీగా తిరిగి రావాలి. రద్దు చేయడం సరైనదని నేను అనను, నేను చేయను కూడా. కానీ పెద్దవాళ్లు సామానుతో అలా ఎదురుచూడాల్సి వస్తే ఎంత కష్టమో తెలుసు కాబట్టి, మీరు అప్పటికప్పుడు యాప్‌లో వెతికే పని పెట్టుకోకండి. ముందుగా మాట్లాడి పెట్టిన బండి గానీ, లోపల ప్రీపెయిడ్ కౌంటరు గానీ చూసుకోండి. కౌంటరులో డబ్బు ముందే కట్టి చీటీ తీసుకుంటారు కాబట్టి దారిలో బేరం ఉండదు.

చందానగర్_వాసి · శనివారం, సాయంత్రం 5:40

చర్చ పక్కదారి పట్టిస్తున్నానని అనుకోకండి. ఇంత పెద్ద నగరం, ఇంత పేరున్న విమానాశ్రయం. రైలు ఏదీ?

పట్టాలవెంట · శనివారం, సాయంత్రం 7:25

పక్కదారి కాదు, ఇది అడగాల్సిన ప్రశ్నే. నాకు కడుపుమంటగా ఉన్న విషయం కూడా.

మన మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మొదటి దశ మూడు లైన్లూ కలిపి 69 కిలోమీటర్లు. అందులో విమానాశ్రయం లేదు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల లైనుకు శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారి, ఆ దారి పక్కకు పోయింది. నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వేరే దారి ప్రతిపాదించారు. నా మట్టుకు రెండో దారే న్యాయం అనిపిస్తుంది. పడమటివాళ్లకు ఔటర్ ఉంది, తూర్పువాళ్లకు ఏమీ లేదు. వనస్థలిపురంలో ఉండే పెద్దాయన ఎల్బీనగర్‌లో రైలు దిగి ఇంటికి పోగలిగితే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. కానీ కాగితం మీద ఉన్న రైలు ఎవరినీ ఇంటికి చేర్చదు.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు సంగతి. 2003లో మొదలైన ఈ రైలు ఫలక్‌నుమా దగ్గర ఆగిపోయేది. 2023 ఏప్రిల్‌లో ఉందానగర్ దాకా పొడిగించారు. ఉందానగర్ అంటే శంషాబాద్ పక్కనే. మ్యాపులో చూస్తే విమానాశ్రయం పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. స్టేషనుకూ టెర్మినల్‌కూ మధ్య మాత్రం వేరే బండి ఎక్కాలి. రైళ్లు తక్కువ, అర్ధరాత్రి అసలు ఉండవు. పగటిపూట, చేతిసంచితో, తీరిక ఉన్నవాళ్లకు ఊళ్లోకి అతి చవకగా వచ్చే దారి అదే. టెర్మినల్ నుంచి ఉందానగర్ దాకా రైళ్ల వేళలకు సరిపడే చిన్న బస్సు ఒకటి క్రమం తప్పకుండా నడిపితే చాలు. కొత్తగా పట్టాలు వేయనక్కరలేదు, వంతెనలు కట్టనక్కరలేదు.

ఢిల్లీలో 2011 ఫిబ్రవరి నుంచే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఉంది. మూడో టెర్మినల్ కింద ఎక్కితే ఇరవై నిమిషాల్లో న్యూఢిల్లీ స్టేషన్‌లో ఉంటాం. చెన్నైలో 2016 నుంచి మెట్రో విమానాశ్రయం దాకా వస్తోంది. నెల్లూరు, గూడూరు వాళ్లు చెన్నైలో విమానం దిగి, మెట్రోలోనే సెంట్రల్ స్టేషన్‌కు వచ్చి రైలెక్కి పోతున్నారు. ఆ విమానాశ్రయానికి ఎదురుగానే తిరుశూలంలో లోకల్ రైలు కూడా ఉంది. చూసినప్పుడల్లా మన ఊరు గుర్తొచ్చి బాధ కలుగుతుంది.

దేవనహళ్లి_తెలుగు · శనివారం, రాత్రి 8:50

బెంగళూరులోనూ మెట్రో ఇంకా విమానాశ్రయం దాకా రాలేదు. కానీ ఇక్కడి వాయు వజ్ర బస్సులు నగరంలో నలుమూలలకూ పోతాయి, జనం నిస్సంకోచంగా ఎక్కుతారు. సూట్‌కేసుతో బస్సెక్కడం చిన్నతనం అనుకోరు. తార్నాక గారు పుష్పక్ గురించి రాసింది చదివి సంతోషం కలిగింది.

హిందూపురం, అనంతపురం వాళ్లకు ఒక సూచన. ఈ విమానాశ్రయం నగరానికి ఉత్తరాన, 44వ జాతీయ రహదారి పక్కన ఉంది. మీరు నగరం నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ బస్‌స్టాండ్ దాకా వెళ్లి మళ్లీ అదే దారిలో వెనక్కి రానక్కరలేదు. దేవనహళ్లి దగ్గరే అనంతపురం వైపు పోయే బస్సు పట్టుకోవచ్చు. నగరంలోకి వెళ్లి వచ్చే రద్దీ మొత్తం తప్పుతుంది.

ప్లేనో_తెలుగు · ఆదివారం, ఉదయం 7:15

డాలస్ వైపు నుంచి రాస్తున్నాను. మా వైపు నుంచి వెళ్లే పెద్దవాళ్లందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఫోను.

నెలల తరబడి రీచార్జి చేయని భారతీయ సిమ్ ఆగిపోతుంది. శంషాబాద్‌లో దిగేసరికి అందులో సిగ్నల్ ఉండదు. అమెరికా నంబరు అక్కడ పని చేయదు, లేదా చాలా ఖర్చు. విమానాశ్రయం వైఫైకి ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ రావడానికి ఫోను కావాలి. యాప్‌లో క్యాబ్ ఎక్కాలన్నా బుక్ చేసినవాళ్లకు వచ్చిన పిన్ డ్రైవరుకు చెప్పాలి. కూతురు ఇక్కడి నుంచి బుక్ చేస్తే పిన్ ఇక్కడ, మనుషులు అక్కడ, డ్రైవరు ఫోను చేసేది ఆగిపోయిన నంబరుకు. మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఇలాగే చాలాసేపు సామాను బండి పట్టుకుని నిలబడిపోయారు. చివరికి పక్కనున్న ఒక కుర్రాడు తన ఫోను ఇచ్చాడు.

కాబట్టి బయల్దేరేముందే ఇక్కడి నుంచి వాళ్ల భారతీయ నంబరుకు రీచార్జి చేయించండి. సిమ్‌ను విమానంలోనే ఫోనులో వేసుకోమనండి. ఇంటి చిరునామా, డ్రైవరు పేరు, బండి నంబరు, మీ నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మీ నాన్నగారి జేబులో పెట్టించండి. చేతిలో కొన్ని వేల రూపాయల నోట్లు ఉండాలి. ప్రీపెయిడ్ కౌంటరులో నోట్లు తీసుకుంటారు, ఫోను లేకున్నా పని జరుగుతుంది.

వీల్‌చైర్ తోసేవాళ్లు సామాను బెల్టు దగ్గర నుంచి బయట వాహనం దాకా తోడు వస్తారు. పెట్టెలు బండిలోకి ఎక్కేదాకా వాళ్లను ఉండమని అమ్మగారిని అడగమనండి.

తార్నాక_ప్రయాణికుడు · ఆదివారం, ఉదయం 9:30

ప్లేనో వారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ సమస్య బండిది కాదు, బండికీ మనిషికీ మధ్య ఉన్న ఆ కొన్ని అడుగులది. అందుకే నా అభిప్రాయం చెబుతున్నాను. మీ అమ్మగారి మాటే వినండి. పక్కింటి అబ్బాయిని అడగడానికి మీకు మొహమాటం కావచ్చు, కానీ బయటికి రాగానే తెలిసిన ముఖం కనిపిస్తే ఫోనూ అక్కరలేదు, పిన్నూ అక్కరలేదు. కారు అతనిదే కానక్కరలేదు. పెద్ద బండి మీరు కుదర్చండి, అతను ఆ బండిలో వనస్థలిపురం నుంచి వచ్చి వాళ్లను కలుసుకుని అదే బండిలో తిరిగి వస్తాడు. డ్రైవరుకు నిద్ర రాకుండా పక్కన మాట్లాడే మనిషి కూడా ఉంటాడు.

మీ నాన్నగారిని మాత్రం ఈసారి పుణె వచ్చి వెళ్లేటప్పుడు పుష్పక్ ఎక్కించండి. చిన్న బ్యాగుతో, పగటిపూట. ఆయన అడిగింది న్యాయమైన కోరిక.

వనస్థలి_అబ్బాయి · ఆదివారం, రాత్రి 10:20

పక్కింటి అబ్బాయికి ఇందాక ఫోను చేశాను. నేను పూర్తిగా చెప్పేలోపే ‘మామయ్యా అత్తయ్యా వస్తుంటే నేను పోకుండా ఎవరు పోతారన్నా’ అన్నాడు. వనస్థలిపురంలోనే తెలిసిన డ్రైవరు ఎర్టిగా మాట్లాడాం. రానూపోనూ ఖర్చు, పార్కింగ్ రుసుము మేమే ఇస్తాం. ఆ రోజు పగలు బండి బయటికి తీయకుండా నిద్రపోయి రాత్రికి రమ్మని అడిగితే డ్రైవరు సరేనన్నాడు. ఈ మాట అడగాలని నాకు రాత్రిబండి గారి వల్లే తెలిసింది. దారి ఎల్బీనగర్ మీదుగా. సిమ్ రీచార్జి అయింది, కాగితం అక్క రాసి నాన్న చొక్కా జేబుకు పిన్ను పెడతానంది.

నాన్నకు పుష్పక్ సంగతి కూడా చెప్పాను. సంక్రాంతి అయ్యాక పుణె వస్తామన్నారు.

కొండారెడ్డి_బురుజు · సోమవారం, ఉదయం 7:05

ఇదే చర్చలో ఒక ప్రశ్న. మాది కర్నూలు. రాత్రి తొమ్మిదికి శంషాబాద్‌లో దిగుతాను. ఎంజీబీఎస్‌కు వెళ్లి బస్సెక్కాలా?

బాలాపూర్_చౌరస్తా · సోమవారం, ఉదయం 8:40

అక్కర్లేదండీ. ఎంజీబీఎస్‌లో బయల్దేరే కర్నూలు బస్సులు ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ ముందు నుంచే 44వ జాతీయ రహదారి మీద పోతాయి. టికెట్ ముందుగా కొనేటప్పుడు ఎక్కే చోటు ఆరాంఘర్ అని గానీ శంషాబాద్ అని గానీ పెట్టుకోండి. రెండూ చూపిస్తే ఆరాంఘర్ ఎంచుకోండి, రాత్రిపూట అక్కడ తప్పకుండా ఆపుతారు, వెలుతురూ మనుషులూ ఉంటారు. విమానం ఆలస్యం కావచ్చు కాబట్టి దిగే సమయానికీ బస్సుకూ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచుకోండి.

రాత్రిబండి · సోమవారం, ఉదయం 9:15

ఆరాంఘర్ దాకా పుష్పక్‌లోనే పోండి. అంత దగ్గరికి యాప్‌లో బండి పెడితే పైన చెప్పిన కారణంగా చాలామంది రద్దు చేస్తారు, మీ బస్సు తప్పిపోతుంది. మెహదీపట్నం వైపు పోయే బస్సు ఎక్కి, ఆరాంఘర్‌లో ఆపుతారా అని ముందే అడగండి. బస్సు రావడం ఆలస్యమైతే ప్రీపెయిడ్ కౌంటరుకు వెళ్లండి, అక్కడ దూరం తక్కువైనా చీటీ ఇస్తారు.